గుత్తి కథ గుత్తిలోనే వినబడాలి: కోట బాధ్యులకు, జిల్లా పాలకులకు ఒక బహిరంగ లేఖ

గుత్తి కోట సంరక్షణ బాధ్యత వహిస్తున్న అధికారులకు, జిల్లా పాలకులకు, పర్యాటక వ్యవహారాలు చూసే పెద్దలకు, రాయలసీమలోని చరిత్ర ఉపాధ్యాయులకు, గుత్తి పురప్రజలకు నమస్కరించి విన్నవించుకొనేది.

నేను అనంతపురం జిల్లాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 32 ఏళ్ళు సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. గుత్తి కోట విషయమై గడచిన నాలుగేళ్ళలో నేనూ, నావంటి మరికొందరు విశ్రాంత ఉపాధ్యాయులూ కలిసి మూడు అర్జీలు పెట్టుకున్నాము. మొదటిదానికి అందినట్టు రసీదు వచ్చింది. రెండవదానిని ‘తగు చర్య నిమిత్తం’ మరొక కార్యాలయానికి పంపినట్టు రెండు వాక్యాల జాబు వచ్చింది. మూడవదానికి ఏమీ రాలేదు. ఫలానా కార్యాలయమని పేరు పెట్టి నిందించడం మా ఉద్దేశం కాదు. అధికారులు బదిలీ అవుతూ ఉంటారు, వచ్చిన ప్రతివారికీ విషయం మొదటినుంచీ చెప్పుకోవలసి వస్తుంది. అందుచేత ఈసారి నలుగురూ వినేటట్టు చెప్పుకొందామని ఈ లేఖ రాస్తున్నాను.

మా మనవి ఒక్క మాటలో చెప్పాలంటే ఇది: గుత్తి కొండ ఎక్కినవారికి గుత్తి కథ తెలిసే ఏర్పాటు గుత్తిలో ఉండాలి. ఈ ఊరి చరిత్రలోని ముఖ్యమైన సంగతులన్నీ ఊరు దాటి ఎక్కడెక్కడో చేరాయి. శాసనాల పాఠాలు సామాన్యుడి చేతికి అందని సంపుటాలలో ఉన్నాయి. ఇక్కడ పూడ్చిన మద్రాసు గవర్నరు థామస్ మన్రో అస్థికలు మద్రాసుకు వెళ్ళాయి. పాత వస్తువులేవైనా చూడాలంటే పిల్లలు 50 కిలోమీటర్లు దాటి జిల్లా కేంద్రంలోని ప్రదర్శనశాలకు పోవాలి. ఊరికి మిగిలింది కొండా, గోడలూ మాత్రమే.

కిందటి శీతాకాలంలో ఒక పల్లె బడి పిల్లలను, 42 మందిని, వాళ్ళ ఉపాధ్యాయులతో కలిసి కోటకు తీసుకువెళ్ళాము. ఒక ద్వారం తరవాత మరొక ద్వారం దాటుకుంటూ, వంపులు తిరిగే దారిలో పైకి చేరి, లోయ అంచున ఒకప్పుడు ఈ కోటనేలిన మురారిరావు కూర్చునేవాడని చెప్పుకొనే చిన్న మంటపం దగ్గర ఆగాము. అక్కడినుంచి చూస్తే ఊరంతా అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి నోటుపుస్తకం తెరిచి, కలం పట్టుకొని చుట్టూ చూసి, “సార్, మేము ఏం రాసుకోవాలి? ఇక్కడ ఏమీ రాసి లేదు కదా” అని అడిగింది. నాకు తెలిసినది చెప్పాను, రాసుకున్నారు. కాని ఆ రోజు మా వెనకే మరో రెండు కుటుంబాలు ఎక్కాయి. వారికి చెప్పేవారెవరూ లేరు. ఫొటోలు తీసుకొని, గాలి బాగుందనుకొని దిగిపోయారు. ఆ తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. ఎండలో ఒళ్ళు అలిసేలా కొండెక్కిన మనిషికి తాను ఏమి చూస్తున్నాడో చెప్పవలసిన బాధ్యత ఆ చోటును నిర్వహించేవారిది.

ఇంతకీ వారికి తెలియకుండా పోయినదేమిటో కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే మా కోరికల బలమంతా ఇందులోనే ఉంది.

గుత్తి ఒకనాడు రాజ్యాలకు పొలిమేర. ఉత్తరాన కృష్ణా తుంగభద్రల నడుమ నేల కోసం శతాబ్దాలపాటు యుద్ధాలు సాగాయి. ఆ నేలకూ దక్షిణాది మైదానాలకూ మధ్య, చుట్టుపక్కల నేలకు దాదాపు 300 మీటర్ల ఎత్తున నిలిచిన ఈ కొండ ఎవరి చేతిలో ఉంటే దారులు వారి చేతిలో ఉండేవి. ఇక్కడి బండలపై దొరికిన శాసనాలలో పాతవి ఆరవ విక్రమాదిత్య చాళుక్యుని (1076–1126) కాలానివి, కన్నడ భాషలో ఉన్నాయి. తరవాతి సంస్కృత శాసనమొకటి ఈ దుర్గాన్ని బుక్కరాయల రాజ్యమనే చక్రానికి నాభిగా వర్ణించింది. బండి చక్రం తెలిసిన రైతుబిడ్డకు ఈ పోలికను విడమరచి చెప్పనవసరం లేదు. చక్రపు ఆకులన్నీ వచ్చి కుదురుకొనేది నడిమి కుండలోనే. విజయనగర రాజ్యం గుత్తిని ఎలా చూసిందో ఆ ఒక్క శ్లోకం చాలు తెలియడానికి. కాని ఆ శ్లోకం ఏ బండమీద ఉందో చూపి, దాని అర్థం తెలుగులో చెప్పే పలక ఒక్కటీ ఆ రోజు మాకు కనబడలేదు.

18వ శతాబ్దంలో మరాఠా నాయకుడు మురారిరావు ఘోర్పడే దీన్ని తన స్థావరం చేసుకున్నాడు. ఆర్కాటు యుద్ధాలలో ఎవరు గెలుస్తారో తేల్చగలిగిన గుర్రపు దండు ఆయనది. మైసూరు హైదరాలీ కోటను ముట్టడించి 1776లో పట్టుకున్నాడు. హైదరు చరిత్ర రాసినవారు చెప్పిన వృత్తాంతం ప్రకారం ఈ కోట పడిపోయింది ఫిరంగులకు కాదు, దాహానికి. సంధి కుదిరి, ఇవ్వవలసిన సొమ్ములో మిగిలిన భాగానికి పూచీగా ఒక యువకుడిని హైదరు శిబిరానికి పంపారట. కోటలో నీళ్ళు మూడు రోజులకు మించి లేవన్న సంగతి అతని నోట జారిందట. దానితో హైదరు సంధిని పక్కన పెట్టి మళ్ళీ చుట్టుముట్టాడు. మురారిరావు మైసూరు సీమలోని కబ్బాలదుర్గంలో బందీగా కన్నుమూశాడు. కొండమీద నూట ఎనిమిది బావులున్నాయని మా పెద్దలు ఇప్పటికీ చెప్పుకొంటారు. రాతి చీలికల్లో కట్టుకున్న ఆ దొనల పక్కన నిలబడి ఈ కథ వింటే, వర్షం మొహం అరుదుగా చూసే మా జిల్లా పిల్లలకు నీటి విలువ గురించి వేరే పాఠం అక్కరలేదు.

1799లో టిప్పు పతనం తరవాత గుత్తి నిజాముకు, 1800లో ఈస్టిండియా కంపెనీకి దక్కింది. నిజాము కంపెనీకి దత్తం చేసిన నేల కనుక అప్పటినుంచి ఈ ప్రాంతం దత్తమండలాలు అయింది. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు మార్చుకొనేవరకు ఆ మాటే నిలిచింది. దత్తమండలాల తొలి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. నేరుగా రైతునుంచే శిస్తు తీసుకొనే రైతువారీ పద్ధతి ఇక్కడ వేళ్ళూనుకున్నది ఆయన హయాములోనే. అది మేలు చేసిందా కీడు చేసిందా అన్నది వేరే చర్చ, నావరకు నాకు రెండూ కనిపిస్తాయి. మద్రాసు గవర్నరయ్యాక, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే ఆయనను గుత్తి కొండ పాదాన ఉన్న సమాధుల తోటలో పూడ్చారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. మన్రోలప్ప అని బిడ్డలకు పేరు పెట్టుకున్న సీమ ఇది. ఆ పేరున్న తాతలకు తమ పేరు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసు. మనవళ్ళకు తెలియదు.

దొరలకూ, రాజులకూ చెందిన కథలే ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. 1893లో గుంతకల్లు దగ్గర రైల్వే గేటు కాపలాదారు హంపన్న, తెల్ల సిపాయిల బారినుంచి పారిపోయి తన గుడిసెలో తలదాచుకున్న ఇద్దరు స్త్రీలను కాపాడబోయి తుపాకి గుండుకు బలయ్యాడు. నేరం మోపబడిన సిపాయి మద్రాసులో నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ అన్యాయాన్ని లోకానికి తెలిపినవారిలో గుత్తి ప్లీడరు పట్టు కేశవపిళ్ళె ముఖ్యుడు. 1885లో బొంబాయిలో జరిగిన తొలి కాంగ్రెసు సభకు వెళ్ళినవారిలో ఆయన ఒకరు. మన్రో చరిత్ర చెప్పేచోట హంపన్న చరిత్ర కూడా అంతే గౌరవంతో చెప్పకపోతే, ఆ చెప్పడం సగమే అవుతుంది.

ఇక ఈ స్థితివల్ల మామూలు ప్రజలకు కలుగుతున్న నష్టమేమిటో, మేము కోరుతున్నదేమిటో వరుసగా విన్నవిస్తాను.

1. కొండ కిందా పైనా తెలుగులో వివరణ పలకలు కావాలి. చట్టం ప్రకారం ఇది రక్షిత కట్టడమనీ, పాడుచేస్తే శిక్ష ఉంటుందనీ చెప్పే పలక ఎక్కడైనా ఉంటుంది. అది అవసరమే. కాని ఆ పలక చేయవద్దన్నది చెబుతుందే తప్ప చూడవలసింది చెప్పదు. ప్రధాన ద్వారాల దగ్గర, ధాన్యపు కొట్లు, మందుగుండు కొట్టు, మురారిరావు మంటపం, శాసనాలున్న బండలు, నీటి దొనల దగ్గర ఎనిమిది పది వాక్యాల చొప్పున, పెద్ద అక్షరాలతో, పదో తరగతి పిల్లవాడికి అర్థమయ్యే తెలుగులో రాయించండి. శాసనం ఉన్నచోట మూల పాఠం తెలుగు లిపిలోనూ, దాని కింద అర్థమూ ఇవ్వండి. కన్నడ, ఆంగ్ల భాషల్లో కూడా ఉంటే మంచిదే, బళ్ళారినుంచి వచ్చేవారు చాలామంది. పాఠం సరిచూసి ఇవ్వడానికి విశ్వవిద్యాలయాల శాసన పండితులున్నారు, వారికి ఒక లేఖ రాస్తే చాలు. మా ఉపాధ్యాయ బృందం కూలి అడగకుండా చిత్తుప్రతి తయారుచేసి ఇస్తుంది. ఈ మాట మూడు అర్జీలలోనూ రాశాము.

ఈ విషయంలో గుత్తికి ఆదర్శం దూరంగా వెతుక్కోనవసరం లేదు. ఇక్కడికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎర్రగుడి బండలను 1929లో అనుఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త గుర్తించారు. అశోకుని పెద్ద రాతిశాసనాలూ, చిన్న శాసనమూ కలిసి ఒకేచోట ఉన్న అరుదైన తావు అది. అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికి, మరికొన్ని కుడినుంచి ఎడమకు సాగుతాయి. అందులో రాజు తన ఆజ్ఞను జనపదాలకు ఎవరెవరు చేరవేయాలో కూడా చెప్పాడు. ఏనుగులు నడిపేవారు, కరణాలు, శిష్యులకు చదువు చెప్పేవారు అని వరస పెట్టి ఉంది. అంటే, రాయించి ఊరుకోకుండా, చదవలేనివాడి చెవిన కూడా పడాలని రెండువేల రెండువందల ఏళ్ళకు పైబడిన కాలంలో ఒక పాలకుడు శ్రద్ధ తీసుకున్నాడు. మేము అడుగుతున్నది ఆ శ్రద్ధే.

2. గుత్తి పట్టణంలో ఒక చిన్న ప్రదర్శనశాల ఏర్పాటు చేయాలి. మేము పాలరాతి భవనం అడగడం లేదు. ప్రభుత్వం చేతిలో వాడకం లేకుండా ఉన్న పాత కట్టడమొకటి మరమ్మతు చేసి మూడు గదులు ఇచ్చినా సరిపోతుంది. ఒక గదిలో కోట నమూనా పెట్టి, ఏ ద్వారం ఎక్కడుందో, నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో చూపాలి. మోకాళ్ళ నొప్పులవల్లా, వయసువల్లా కొండ ఎక్కలేని తల్లులకూ, చక్రాల కుర్చీలో తిరిగే పిల్లలకూ ఆ నమూనాయే కోట. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక ఇది దయతో చేసే పని కాదు, చేయవలసిన పని. రెండో గదిలో శాసనాల నకళ్ళు పెట్టాలి. బండమీద తడి కాగితం పరచి, సిరా అద్ది తీసే అచ్చులు కోటకు ఏ హానీ చేయవు. అసలు శాసనాలను కదిలించనవసరం లేదు, కదిలించకూడదు కూడా. మూడో గది ఈ ప్రాంతపు జనానిది కావాలి. ఎద్దుల బండి చక్రం, శిస్తు పత్రాలు, ఊళ్ళ చరిత్రలు రాసి ఉంచిన కైఫీయతుల నకళ్ళు, రైలుమార్గం వేసిన కూలీల పనిముట్లు, హంపన్న ఉదంతం అందులో ఉండాలి. ఇళ్ళల్లో పాత నాణేలు, రాగిరేకులు, దస్తావేజులు ఉన్నవారు మా ఊళ్ళలో కొందరున్నారు. వాటిని ఎక్కడ ఇవ్వాలో, ఇస్తే రసీదు వస్తుందో రాదో తెలియక పెట్టెల్లో పెట్టుకొని చెదలకు వదిలేస్తున్నారు.

చంద్రగిరిలో రాజమహలే ప్రదర్శనశాలగా మారింది. తిరుపతి వెళ్ళేవారు అక్కడ ఆగి, విగ్రహాలు చూసి, విజయనగర చివరి రాజుల సంగతి తెలుసుకొని వెళుతున్నారు. కడపలో భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం ఉంది. అక్కడ చేయగలిగినది ఇక్కడ ఎందుకు చేయలేకపోతున్నామో, నిధులా, స్థలమా, సిబ్బందా, అడ్డంకి ఏమిటో దయచేసి రాతపూర్వకంగా చెప్పండి. కారణం తెలిస్తే దాని పరిష్కారానికి మేమూ తిరుగుతాము.

3. మంచినీళ్ళు, నీడ, మరుగుదొడ్డి, పట్టుకొనే కమ్మీ కావాలి. మేము వెళ్ళిన రోజు దిగువన మొదలుపెడితే పైవరకు తాగడానికి చుక్క నీరు దొరకలేదు. తెచ్చుకున్న సీసాలు సగం దారిలోనే అయిపోయాయి. ఇద్దరు పిల్లలకు కళ్ళు తిరిగితే ద్వారం నీడన పడుకోబెట్టి, ఒక పెద్దాయన తన సీసాలో మిగిలిన నీళ్ళు ఇస్తే తేరుకున్నారు. ఆడపిల్లలు, ఉపాధ్యాయినులు ఉదయం బయలుదేరింది మొదలు సాయంత్రం వరకు ఓర్చుకోవలసి వచ్చింది. ఈ ఇబ్బంది ముందే తెలిసి కొందరు తల్లులు తమ ఆడపిల్లలను ఆ యాత్రకు పంపనేలేదు. చరిత్ర చూసే అవకాశం ఇలా మగపిల్లలకే మిగులుతుంటే మనలో ఎవరికైనా నిద్ర ఎలా పడుతుంది? కట్టడం రూపు చెడకుండా, తవ్వకం అవసరం లేని విధంగా దిగువన శాశ్వత మరుగుదొడ్లు, పైన రెండుచోట్ల నీటి తొట్లు, లోయ అంచు దగ్గర కమ్మీ, వేసవిలో ఎక్కే వేళలు తెలిపే పలక ఏర్పాటు చేయండి. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణానికి ఉన్న నిషేధం మాకు తెలుసు, ఆ నిషేధం ఉండవలసిందే. దానికి అవతల స్థలం చూడమనే మా మనవి.

4. గుప్తనిధుల వేట ఆపాలి. ఈ మాట అనడానికి బాధగా ఉంది కాని అనక తప్పదు. సీమలో పాడుబడిన ప్రతి కోటకూ, గుడికీ లంకెబిందెల కథ ఒకటి అంటుకొని ఉంటుంది. ఆ కథ నమ్మి అమావాస్య రాత్రులు గడ్డపారలతో వచ్చేవారు బంగారం సంగతేమో గాని, గచ్చు పగలగొట్టి, విగ్రహాల పీఠాలు పెకలించి పోతున్నారు. మా యాత్రలో కూడా అటువంటి కొత్త గుంత ఒకటి పిల్లలే చూపించారు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం 10 రూపాయలకు మించి విలువగల నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. రక్షిత కట్టడాన్ని ధ్వంసం చేస్తే 1958 చట్టానికి 2010లో తెచ్చిన సవరణ ప్రకారం రెండేళ్ళవరకు జైలు, లక్ష రూపాయలవరకు జరిమానా ఉంది. చట్టాలు చాలు. కావలసింది రాత్రి కాపలా, గుంత కనబడితే ఎవరికి ఫోను చేయాలో తెలిపే ఒక నంబరు, ఫోను చేసినవాడిని సాక్షిగా తిప్పి వేధించరన్న భరోసా. దిగువ పేటలలో ఉండే గొర్రెల కాపరులకు కొండమీద జరిగేదంతా తెలుసు. వారిని అనుమానంగా చూడడం మాని, జీతం ఇచ్చి కాపలాకు పెట్టుకోండి. వారికంటే ఆ దారులు ఎరిగినవారు లేరు.

5. సమాధుల తోటను శుభ్రంగా ఉంచి, దాని సంగతి చెప్పే పలక పెట్టించండి.

6. గుత్తి, ఎర్రగుడి, పత్తికొండ కలిపి ఒకరోజు దారిగా చూపాలి. గుత్తి అనంతపురం జిల్లాలో, ఎర్రగుడి, పత్తికొండ కర్నూలు జిల్లాలో ఉండడంవల్ల మూడింటినీ కలిపి ఆలోచించేవారు లేరు. పూర్వం రాజ్యాల పొలిమేర అయిన చోటు ఇప్పుడు జిల్లాల పొలిమేర అయింది. చూడడానికి వచ్చిన మనిషికి ఆ గీత పట్టదు. ఉదయం గుత్తి కోట, మధ్యాహ్నం ఎర్రగుడి శాసనాలు, సాయంత్రం పత్తికొండలో మన్రో జ్ఞాపకార్థం తవ్వించిన బావి చూస్తే మౌర్యులనుంచి కంపెనీ దాకా రెండువేల ఏళ్ళు ఒక్క పగటిలో నడిచినట్టు ఉంటుంది. సెలవు రోజులలోనైనా ఒక బస్సు ఈ మూడింటిమీదుగా నడపండి. గుత్తి పెద్ద రైల్వే జంక్షను. హైదరాబాదు–బెంగళూరు జాతీయ రహదారి ఊరి పక్కనుంచే పోతుంది. మనుషులు రావడానికి దారులు ఉన్నాయి, వచ్చినవారు ఆగడానికి కారణం చూపించవలసి ఉంది.

7. స్థానిక యువతకు మార్గదర్శకులుగా శిక్షణ ఇవ్వాలి. వేరుశనగ పంట పోయిన ఏడాది మా పల్లెల కుర్రవాళ్ళు బెంగళూరుకు కట్టడం పనులకు పోతారు. డిగ్రీ చదివినవాళ్ళూ పోతారు. వారిలో పదిమందికి రెండు నెలలు శాసనాలు, కోట కట్టడం, ప్రథమ చికిత్స నేర్పి గుర్తింపు కార్డు ఇస్తే, సందర్శకుడికి కథ తెలుస్తుంది, వారికి బువ్వ దొరుకుతుంది, గోడలమీద పేర్లు గీకేవారిని ఆపే కన్ను కూడా ఉంటుంది. ఆటోవారికి, టీ బంకులకు, పూటకూళ్ళ ఇళ్ళకు వచ్చే ఆదాయం సంగతి లెక్క కట్టి చెప్పలేను గాని, ఆగిన ప్రతి కుటుంబం ఊళ్ళో ఒక పూట భోజనం చేసి వెళుతుందన్నది మాత్రం చెప్పగలను.

తోటి ఉపాధ్యాయులకు ఒక విన్నపం. విహారయాత్ర అంటే జలక్రీడల పార్కులూ, పెద్ద ఊళ్ళ దుకాణాలూ అని పిల్లలూ, వారితోపాటు మనమూ అలవాటు పడ్డాము. అవీ వద్దనడం లేదు. ఏడాదికి ఒక్కసారి మాత్రం మీ బడికి దగ్గరలో ఉన్న కోటో, శాసనమో, పాత చెరువో చూపండి. వెళ్ళేముందు ఒక పీరియడు కథ చెప్పి, వచ్చాక ఒక పీరియడు రాయించండి. వెళ్ళినచోట గోడమీద బొగ్గుతో పేరు రాసిన పిల్లవాడిచేత ఆ గోడ వయసు ఎంతో తరగతిలో చెప్పించండి, మళ్ళీ రాయడు. నేను ఇలా చాలామంది చేత చెప్పించాను.

గుత్తి పెద్దలకు మరొక మాట. కోట గోడల రాళ్ళు ఇళ్ళ అరుగులకు, పశువుల పాకలకు తరలిపోయిన కాలం మనలో చాలామందికి గుర్తుంది. ఎవరు తీసుకుపోయారని ఇప్పుడు ఎవరినీ అడగనవసరం లేదు. చెక్కడం ఉన్న రాయి ఏదైనా ఇంటి దగ్గర ఉంటే, ప్రదర్శనశాల వచ్చిననాడు భయం లేకుండా తెచ్చి ఇచ్చేటట్టు ఒక మాఫీ ప్రకటన ఇవ్వాలని అధికారులను మీ తరఫున కోరుతున్నాను.

అధికారులారా, మీకున్న పరిమితులు మాకు తెలియనివి కావు. ఒకే ఉద్యోగి పది కట్టడాలు చూడవలసి రావడం, బడ్జెట్టు మార్చిలో వచ్చి మార్చిలోనే పోవడం ప్రభుత్వంలో 32 ఏళ్ళు పనిచేసినవాడిగా నేనూ ఎరుగుదును. అన్నీ ఒక్కసారి చేయమనడం లేదు. వివరణ పలకలు, నీళ్ళు, మరుగుదొడ్లు వచ్చే బడి సెలవులలోపు ఏర్పాటు చేయండి. వీటికి పెద్ద ఖర్చు కాదు. ప్రదర్శనశాల విషయంలో సాధ్యాసాధ్యాలు చూసి, స్థలం ఎంపికకు ఒక సమావేశం పిలవండి. దానికి పురపాలక ప్రతినిధులను, ఉపాధ్యాయులను, దిగువ పేటల స్త్రీలను కూడా పిలవండి. ఈ లేఖ చేరిన 30 రోజులలోపు ఏ అంశం మీ పరిధిలోనిది, ఏది కాదు, కానిది ఎవరి పరిధిలోనిది అన్నంతవరకైనా రాతపూర్వకంగా జవాబివ్వండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ద్వారా పాత అర్జీల ఫైళ్ళు అడిగి, ఏ బల్లమీద ఆగాయో తెలుసుకొని, మళ్ళీ మీ తలుపు తడతాము.

మా వంతుగా, వచ్చే నెల మొదలుకొని ప్రతి రెండవ ఆదివారం ఉదయం 6 గంటలకు మేము నలుగురైదుగురం కొండ దిగువన మొదటి ద్వారం దగ్గర ఉంటాము. వచ్చినవారిని రుసుము లేకుండా పైకి తీసుకువెళ్ళి, తెలిసినంత చెప్పి, ఎండ ముదిరేలోగా దింపుతాము. ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి నోటుపుస్తకంలో అప్పుడు రాసుకున్నదాన్ని ఆధారం చేసుకొని, మంటపం దగ్గర పెట్టవలసిన పలకకు తొమ్మిది వాక్యాలు రాసి ఉంచాము. దాన్ని ఈ లేఖతో జతచేసి పంపుతున్నాము. సరిచూసి, తప్పులుంటే దిద్ది, అక్కడ నిలబెట్టించగలరు.

ఇట్లు,
విధేయుడు,
ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
గుత్తి ప్రాంతం, అనంతపురం జిల్లా